ధ్రువపత్రం – విలువ

ధర్మవరంలో పట్టుచీర కొనేవారు జరీని తడిమి, నేతను వెలుగులో చూసి గాని సొమ్ము చెల్లించరు. ఇంటివద్ద చదివే కంప్యూటర్ కోర్సును ఎంచుకోవడంలో ఆ జాగరూకత కానరాదు. తల్లిదండ్రులు మగ్గంపై శ్రమించి కూడబెట్టిన ధనాన్ని ఒక ప్రకటనను నమ్మి వెచ్చించడం వివేకం కాదు.

ధ్రువపత్రానికి విలువ దానిపైనున్న ముద్రవల్ల రాదు. దాని వెనుకనున్న పరీక్షవల్ల వస్తుంది. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ పాఠాలను ఎవరైనా ఉచితంగా అభ్యసించవచ్చు. ధ్రువపత్రం కావాలంటే మాత్రం రుసుము చెల్లించి, పరీక్షా కేంద్రంలో పరీక్ష రాసి ఉత్తీర్ణులు కావాలి. కేంద్రప్రభుత్వ సంస్థయైన నీలిట్ నిర్వహించే ‘ఓ’ లెవెల్ పరీక్షలను శిక్షణ సంస్థలో చేరకుండానే, సొంతంగా చదివి రాయవచ్చు. హిందూపురం విద్యార్థికైనా, హైదరాబాదు విద్యార్థికైనా పరీక్ష ఒక్కటే.

పెనుకొండ చెంత 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. అటువంటి కర్మాగారానికైనా, బెంగళూరు కార్యాలయానికైనా కావలసింది పని తెలిసినవారే గాని పత్రాలు పోగుచేసినవారు కాదు. కనుక కోర్సులో చేరకముందే పరీక్షించేది ఎవరో, చేయించే అభ్యాసమేమిటో విచారించాలి. ఉచిత పాఠాలతో మొదలుపెట్టి, కొన్ని వారాలు నిలకడగా చదివిన తరువాతనే రుసుము కట్టాలి. ఇతరులిచ్చే ఉద్యోగ హామీ కన్నా స్వయంగా చేసిన సాధనే నమ్మదగినది.