అయ్యగారూ, ఎస్సై గారికి ఒక్క మాట



మొన్న రాత్రి దావత్ నుంచి బండి మీద వస్తూ మన తమ్ముడొకరు కరీంనగర్ రోడ్డులో పోలీసు తనిఖీలో దొరికాడు. "అయ్యగారూ, ఎస్సై గారికి ఒక్క మాట చెప్పండి, తాగింది కల్లే" అని ఫోన్ చేశాడు. నేను చెప్పలేదు. ఆ ఇంటివాళ్లకు నా మీద ఇంకా కోపమే.

ఊదే మిషన్‌కు కల్లు, ఇప్పసారా, విస్కీ అన్నీ ఒకటే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసే. హెల్మెట్ చలానా లాగా ఫోన్‌లో కట్టేసేది కాదిది, కోర్టుకు పోవాలి. 2019 సవరణ ప్రకారం మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి 15,000, జైలైతే 2 ఏళ్ల దాకా. పదివేలంటే ఎన్ని దినాల కైకిలో అక్కాచెల్లెండ్లకు తెలుసు.

విడిపిస్తే ప్రేమ అంటున్నారు. ఎదురు బండి మీద వచ్చేవాడికీ పిల్లలుంటారు కదా! ఆ దావత్‌లో మన సంఘస్థులు నలుగురు తాగకుండానే కూర్చున్నారట. ఒక్కరూ తమ్ముడి చేతిలోంచి తాళంచెవి తీసుకోలేదు. నా బాధంతా అక్కడే.

మంగళవారం కోర్టు వాయిదా. అతనితో నేనూ పోతున్నాను, బస్సులో.