తుపాను రాకముందే ఇల్లు సిద్ధం కావాలి

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం కొండల చెంత ఉన్న ఊరు. అక్కడికి సముద్రపు హోరు వినబడదు. తుపాను అనగానే అది భోగాపురం, పూసపాటిరేగ తీరాల మత్స్యకారుల కష్టమేనని లోపలి పల్లెల వారికి తోచడం సహజం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ భ్రమను తొలగించింది. గంటకు 180 కిలోమీటర్లకు చేరువైన వేగంతో విశాఖపట్నం వద్ద నేలను తాకిన ఆ గాలి తీరంలోనే ఆగిపోలేదు. విజయనగరం జిల్లా పల్లెల్లోనూ చెట్లు, కరెంటు స్తంభాలు కూలాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటి ఉత్తరాంధ్రను కుండపోత వానలో ముంచింది. ఏడేళ్లలో మూడు తుపానులు చూసిన ప్రాంతం దీన్ని ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపదగా భావించడం తగదు.

ఒక విషయంలో మనం చాలా దూరం వచ్చాం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు 10,000 మంది చనిపోయారు. 1999లో ఒడిశా పెను తుపానులోనూ మృతుల సంఖ్య దాదాపు అంతే. 2013లో అదే ఒడిశా తీరాన్ని ఫైలిన్ తాకినప్పుడు లక్షలాది ప్రజలను ముందే తరలించారు. మరణాలు పదుల సంఖ్యకు పరిమితమయ్యాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఇప్పుడు మూడు రోజుల ముందే మొదలవుతోంది. ప్రాణాలు కాపాడే పనిలో ప్రభుత్వాలు సాధించిన ఈ ప్రగతిని మనస్ఫూర్తిగా అభినందించాలి.

అయితే ప్రాణం దక్కిన కుటుంబానికి మిగిలేదేమిటి? ఎగిరిపోయిన రేకులు, తడిసిన బియ్యం, బురదలో మునిగిన కుట్టుమిషను, పనికిరాకుండా పోయిన కాగితాలు. రోజు కూలీతో, చిల్లర వ్యాపారంతో బతికే ఇల్లు ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. హెచ్చరిక గడప దాకా వస్తుంది. గడప లోపలి పని ఇంటివారిదే. ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నది మన ప్రవక్త బోధ. జాగ్రత్తను విశ్వాసానికి లోపంగా భావించేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఉత్తరాంధ్ర పల్లెల్లో మన కుటుంబాలు చాలాచోట్ల ఊరికి కొద్ది ఇళ్లుగా చెదిరి ఉన్నాయి. అద్దె ఇళ్లలో ఉంటూ, ఊరూరా తిరిగి వ్యాపారం చేసుకునేవారూ ఉన్నారు. నష్టాల జాబితా రాసేనాడు ఇలాంటి ఇళ్లే సులువుగా జారిపోతాయి. చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను సహాయ, పరిహారాలలో స్త్రీ పురుష భేదం, కులం, సమాజం, వంశం, మతం ఆధారంగా వివక్షను నిషేధించింది. సహాయ శిబిరాల్లో వసతి, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యాలకు కనీస ప్రమాణాలు ఉండాలని, వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయాలని 12వ సెక్షను చెబుతోంది. కేంద్రం 2022లో ప్రకటించిన నిబంధనల ప్రకారం మరణించినవారి కుటుంబానికి రూ. 4 లక్షలు, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి రూ. 1.20 లక్షల సాయం నిర్ణయమైంది. కానీ ఏ హక్కయినా జాబితాలో పేరు ద్వారానే చేతికందుతుంది. ఆ పేరుకు ఆధారం కాగితం.

కాబట్టి మొదటి పని కాగితాలదే. ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి పట్టా లేదా అద్దె ఒప్పందం, నికాహ్‌నామా, పిల్లల ధ్రువపత్రాలు నీరు చొరని సంచిలో ఒకేచోట ఉంచాలి. వాటి నకళ్లు వేరే ఊరి బంధువుల వద్ద ఉంచాలి. ఫోనులో ఫొటోలు తీసుకోవాలి. ఇంటి గోడలు, పైకప్పు, పనిముట్ల ఫొటోలు తుపానుకు ముందు ఒకసారి, తరువాత శుభ్రం చేయకముందే మరొకసారి తీసుకుంటే నష్టానికి సాక్ష్యం మన చేతిలోనే ఉంటుంది.

ఇక ఇంటి సంగతి. రేకుల కొక్కేలు బిగించి, కప్పు మీదికి వంగిన కొమ్మలు ముందే కొట్టించాలి. వారానికి సరిపడా మందులు, మూడు రోజుల తాగునీరు, అటుకులు, టార్చి, బ్యాటరీ రేడియో, కొంత నగదు సిద్ధంగా ఉంచాలి. కరెంటు పోతే ఏటీఎం, సెల్‌ఫోను రెండూ మూగబోతాయని హుద్‌హుద్ నేర్పింది. గాలి ఉన్నట్టుండి ఆగితే తుపాను పోయిందని బయటికి రాకూడదు. తుపాను కన్ను దాటగానే ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ విరుచుకుపడుతుంది. చంపావతి వంటి నదులు, వాగులు పొంగినప్పుడు రోడ్డు మీద పారే నీటిని దాటే సాహసం చేయరాదు. పిడుగులు పడేవేళ చెట్టు కింద నిలవరాదు. అవసరమైతే 112కు ఫోను చేయాలి.

మసీదు కమిటీలకూ బాధ్యత ఉంది. ఒంటరి వృద్ధులు, గర్భిణులు, వికలాంగుల ఇళ్ల జాబితా ఇప్పుడే రాసుకోవాలి. ఎవరు ఎవరిని శిబిరానికి చేర్చాలో ముందే తేల్చుకోవాలి. మసీదు మైకు అధికారుల హెచ్చరికను ఊరందరికీ వినిపించాలి; గట్టి కప్పున్న మసీదు ఆ రాత్రి ఏ మతం వారికైనా తలుపు తెరవాలి. ఆపద మతం అడిగి రాదు, ఆశ్రయమూ అడగకూడదు.

ప్రభుత్వాన్ని మేము కోరేది రెండే. నష్టాల జాబితాను ఖరారు చేయకముందే గ్రామ సచివాలయం గోడపై అతికించి అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. అద్దెకున్నవారి సామగ్రి, పనిముట్ల నష్టాన్ని విడిగా నమోదు చేయాలి.

అక్టోబరు, నవంబరు నెలలు ఈ తీరానికి పరీక్షా కాలం. ఈ శుక్రవారం జుమా నమాజు ముగిశాక పది నిమిషాలు ఈ విషయానికే కేటాయించమని ప్రతి మసీదు పెద్దలనూ, ఆ సాయంత్రమే కాగితాల సంచి కట్టమని ప్రతి ఇంటినీ కోరుతున్నాము.