క్వాంటం వేరియేషనల్ ఆల్గారిథమ్‌ల బోధనపై తీర్మానం

నెల్లూరు తీర మండలాల డిగ్రీ కళాశాలల భౌతిక, రసాయన, గణిత, కంప్యూటర్ అధ్యాపకుల సభ ఆమోదించినది.

అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న సిస్టమ్ టూ యంత్రాన్ని నెలకొల్పుతామని 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాయి. యంత్రం వస్తే మనమేం చేస్తామని విద్యార్థులు అడుగుతున్నారు. వచ్చేదాకా ఆగనక్కర్లేదని ఈ సభ అభిప్రాయం.

2014లో వెలువడిన వేరియేషనల్ పద్ధతిలో సగం పని మామూలు కంప్యూటర్‌దే. క్వాంటం ప్రాసెసర్ కొన్ని కోణాల ప్రకారం ఒక స్థితిని తయారుచేస్తుంది. దాని సగటు శక్తిని కొలుస్తారు. ఆ విలువ తగ్గేలా కోణాలను సవరించి మళ్లీ పంపేది మామూలు కంప్యూటరే. ఏ స్థితిని తీసుకున్నా సగటు శక్తి అసలు కనిష్ఠం కంటే దిగువకు పోదు కనుక ఈ వెతుకులాటకు అర్థం ఉంది. 2017లో అభినవ్ కందాల బృందం ఐబీఎంలో 6 క్యూబిట్లతో బెరీలియం హైడ్రైడ్ అణువు దాకా ఇలాగే లెక్కించింది.

క్వాంటం ప్రాసెసర్ చేసే పనిని కూడా మామూలు కంప్యూటర్‌లో అనుకరించవచ్చు. అందులో 20 క్యూబిట్ల స్థితిని దాచడానికి 16 మెగాబైట్లు చాలు. 30కి 16 గిగాబైట్లు, 40కి 16 టెరాబైట్లు కావాలి. కాబట్టి తొలి పాఠాలకు కళాశాల ల్యాబులో ఉన్న కంప్యూటర్లే సరిపోతాయి.

అందువల్ల, హైడ్రోజన్ అణువును 2 క్యూబిట్లకు కుదించి, మైనస్ 1.137 హార్ట్రీ దగ్గరి కనిష్ఠ శక్తిని రాబట్టే ప్రయోగాన్ని చివరి ఏడాది ప్రాక్టికల్స్‌లో చేర్చాలని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయాన్ని ఈ సభ కోరుతున్నది. అమరావతి యంత్రం పనిచేయడం మొదలయ్యాక దాని సమయంలో కొంత భాగాన్ని జిల్లా కళాశాలలకు కేటాయించాలని రాష్ట్ర ప్రభుత్వానికి విన్నవిస్తున్నది.

ఈ పద్ధతి పరిమితిని కూడా అదే తరగతిలో చెప్పాలి. యాదృచ్ఛికంగా కూర్చిన సర్క్యూట్లలో క్యూబిట్లు పెరిగేకొద్దీ, కోణాలను బట్టి మారే శక్తితలం ఇస్కపల్లి ఉప్పు మడుల్లా చదునైపోతుందని, ఎటు దిగాలో తెలియదని 2018లోనే చూపారు. మామూలు కంప్యూటర్ ఇచ్చే జవాబుతో పోల్చని ఏ ఫలితాన్నీ విజయంగా ప్రకటించరాదని సభ్యులు నిశ్చయించుకున్నారు. రొయ్యల చెరువుల తెగుళ్లకూ క్వాంటమే మందని ఎవరైనా పోస్టరు వేస్తే దానికి ఈ సభ మద్దతు ఉండదు.

తీర్మానం ప్రతులను విశ్వవిద్యాలయానికి, రాష్ట్ర ఉన్నత విద్యామండలికి పంపాలని నిర్ణయించడమైనది.