గాలివాటున వేటపిలుపు

మృగపక్షుల కూతను అనుకరించి వాటిని చేరువకు రప్పించడం ప్రాచీనమైన విద్య. పెంపుడు లేడినో పిట్టనో ఎరగా నిలిపి దాని జాతిని ఆకర్షించే పద్ధతి తెలుగునాట కూడా ఉండేది. ‘దీమము’ అన్న మాట అందుకు సాక్షి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట దాదాపుగా నిషిద్ధమైంది. అమెరికాలో మాత్రం అది లైసెన్సుతో, ఋతునియమాలతో సాగే వ్యాసంగం. వసంతకాలపు టర్కీ వేటకు మిత్రులతో బయలుదేరే యువకుడు తెలుగు ఇంటివాడైనా కావచ్చు.

గాలి హోరెత్తిన నాడు మరింత బిగ్గరగా పిలవడమే ఉపాయమని పలువురు వేటగాండ్ర నమ్మకం. శాస్త్రం దీనిని బలపరచదు. నేల రాపిడి వల్ల గాలివేగం నేలవద్ద తక్కువగాను, ఎత్తుకు పోయిన కొద్దీ ఎక్కువగాను ఉంటుంది. అందువలన గాలికి ఎదురుగా సాగే ధ్వని పైకి వంగిపోయి, కొంత దూరం దాటాక నేలమీద ‘ధ్వనిచ్ఛాయ’ ఏర్పడుతుంది. గాలితోపాటు సాగే ధ్వని కిందికి వంగి దూరం వరకు వినబడుతుంది. 1857లో స్టోక్స్ వివరించిన ఈ సంగతిని 1874లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ ప్రయోగాలతో పరిశీలించాడు. ఛాయలో ఉన్న ప్రాణి కోసం ఎంత గట్టిగా ఊదినా ఫలం స్వల్పమే.

అయితే గాలివాటున పిలిస్తే చాలునా? ధ్వనిని మోసే గాలే మనిషి వాసననూ మోస్తుంది. లేడి, ఎల్క్, కయోటీ ఘ్రాణశక్తిని నమ్ముకున్నవి. పిలుపు విన్న కయోటీ గాలివాటు వైపునుండి చుట్టివచ్చి వాసన పసిగట్టజూస్తుంది. వాటి విషయంలో గాలి పక్కనుండి వీచే చోటు మేలు. టర్కీకి చూపు, వినికిడి ప్రధానం గనుక గాలివాటున పిలవవచ్చు. ఏ ప్రాణికైనా ఆకుల గలగల అణగిన తెరపిలో పలికిన పిలుపే స్పష్టంగా చేరుతుంది.

ఇంతకంటె గంభీరమైన విషయం మరొకటి. టర్కీ కూతను చక్కగా అనుకరించేవాడు తోటి వేటగాడి చెవికీ టర్కీయే. టర్కీ రంగులను గుర్తించగలదు గనుక అతడు ఆకుల రంగు దుస్తులలో దాగి ఉంటాడు. పిలుపును పక్షి కూతగా భ్రమించి కాల్చిన ప్రమాదాలు జరిగాయి. గాలినాడు ఈ ముప్పు హెచ్చుతుంది. గాలివాటున ఉన్న అపరిచితుడికి పిలుపు దూరం నుండే వినబడుతుంది. అతడి అడుగుల చప్పుడు మాత్రం గాలికి ఎదురీదలేక, ఆకుల హోరులో కలసిపోయి, పిలిచినవాడిని చేరదు.

సెలవుదినాలు కొద్ది, గాలికి వెరచి ఇంట కూర్చోలేమని వేటగాండ్రు అనవచ్చు. గాలిహోరు తమ కదలికలను కప్పుతుందన్నదీ నిజమే. కాని ఆ హోరు ఎదుటివాడి రాకనూ కప్పుతుంది. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి వేటశిక్షణ తప్పనిసరి. బిడ్డను అటువంటి శిక్షణకు పంపే తల్లిదండ్రులు తుపాకి భద్రతతో పాటు గాలి స్వభావాన్నీ నేర్పించమని కోరాలి. వీపు వెనుక వెడల్పైన చెట్టు, ఎదుట స్పష్టంగా కనబడే నేల లేనిదే గాలిలో పిలవరాదు. తన చెవి తనకు కాపలా కాయలేని నాడు పిలుపును సంచిలో వేసి మరలిరావడమే వివేకం.