గట్టు మీది కందికి రైతు ఎవరు?

కంది చేనుకు పురుగు పట్టిందంటే మందుల షాపుకు పరుగెత్తడం మనకు అలవాటైపోయింది. ఆ పురుగుకు అంత సులభంగా లొంగని అడవి కంది ఒకటి ఎవరూ విత్తకుండానే బీళ్ళలో, గట్ల మీద బతుకుతోందన్న సంగతి మన చర్చల్లోకి రాదు. ఇది శాస్త్రవేత్తల వ్యవహారం, స్త్రీల హక్కులకూ దీనికీ ఏమిటి సంబంధం అని మన కార్యకర్తలే అడుగుతున్నారు. సంబంధం చాలా ఉందని నా అభిప్రాయం.

శాస్త్రజ్ఞులు కజానస్ స్కారబియోయిడిస్ అని పిలిచే ఈ మొక్క తీగలా పాకుతుంది. గింజ చిన్నది. మనం సాగుచేసే కంది కాయ మీది నూగులో కొంత జిగురు స్రవిస్తుంది. ఆ స్రావం శనగపచ్చ పురుగును తినడానికి పురికొల్పుతుంది. అడవి కంది కాయ మీదేమో పొట్టి, పొడి నూగు దట్టంగా ఉంటుంది. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లపురుగు ఆ నూగు దాటి కాయను చేరలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఈ గుణాన్ని పరిశీలించారు, సాగు కందితో సంకరం చేశారు. అయితే అడవి మొక్కతో కలిపినప్పుడు చిన్న గింజ, పాకే స్వభావం కూడా వెంట వస్తాయి కనుక ఇది ఏళ్ళు పట్టే పని. అలాగని వృథా పని కాదు. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి దోమపోటును తట్టుకునే గుణాన్ని సాగు వరికి తెచ్చారు. ఆ రకాలు వియత్నాంలో రైతుల పొలాలకు చేరాయి.

మందుల మీదే ఆధారపడితే ఏమవుతుందో 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు చూపించాయి. ఆ అప్పులు మోసింది మిగిలిన భార్యలే. అయినా పురుగును తట్టుకునే గుణం దాగివున్న బీళ్ళను, గట్లను మనమే పోగొట్టుకుంటున్నాం. గట్ల మీద గడ్డిమందు కొడుతున్నారు. దానితో కలుపు తీసే స్త్రీల కూలీ పోతోంది, అడవి మొక్కా పోతోంది. విత్తనాన్ని జన్యుబ్యాంకులో చల్లగా దాచవచ్చు, దాచాలి కూడా. కానీ పురుగు మారుతున్నకొద్దీ దానితోపాటు మారే అవకాశం బయట పెరిగే మొక్కకే ఉంటుంది.

ఆ మొక్కను ఎరిగినదెవరు? మేత కోసేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు, ఆకుకూర ఏరేవాళ్ళు. వీళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, ఎక్కువమందికి పట్టా లేదు. పాస్‌బుక్కు లేకపోతే రైతు కాదన్న మాట ప్రతి సంఘం మీటింగులో వింటున్నాను.

చట్టం మాత్రం అలా అనలేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం అడవి జాతులను కాపాడి నిలిపేవారిని కూడా రైతు నిర్వచనంలో చేర్చింది. అందుకు పట్టా కావాలని ఆ నిర్వచనంలో లేదు. పంటల అడవి బంధువులను సంరక్షించి, ఎంపిక చేసి మెరుగుపరచిన రైతుకు జన్యునిధి నుంచి గుర్తింపు, బహుమతి ఇవ్వాలని 39వ సెక్షన్ చెబుతోంది. అయితే ఒక మెలిక ఉంది. ఆ మొక్క జన్యువు, రిజిస్టరు చేయదగిన కొత్త రకంలో వాడబడి ఉండాలి. గట్టు మీద మొక్కను నరకకుండా వదిలిన స్త్రీ ఆ సంగతి ఎలా రుజువు చేస్తుంది? ఆమె పేరు ముందే ఎక్కడో రాసి ఉండాలి.

రాయడానికి చోటుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో కమిటీలు ఏర్పడాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు కావాలి. మన పంచాయతీలో ఆ రిజిస్టరు ఉందా, అందులో అడవి కంది ఉందా, దాని గురించి చెప్పిన స్త్రీ పేరు ఉందా? ఈ మూడు ప్రశ్నలతో సంఘాలు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాలి. స్త్రీని రైతుగా గుర్తించమని ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాం. ఆ మాట రాసివున్న చట్టాన్ని చేతిలో పట్టుకుని అడుగుదాం.