వేయి పున్నములు చూసిన ముఖం



నిరుడు మా వీధి మొగదల ఒక ఫ్లెక్సీ వెలసింది. ఒకప్పుడు మా ప్రాంతానికి ప్రజాప్రతినిధిగా ఉన్న పెద్దాయనకు సహస్ర చంద్ర దర్శన శుభాకాంక్షలట! ఎనభై ఏళ్లు దాటిన ఆయన ముఖాన ఒక్క ముడత లేదు. నున్నని చెంపలు, నల్లని జుట్టు, నలభై ఏళ్ల పెండ్లికొడుకు వాలకం. ఇదేమి నాయనా అంటే, "అందంగా ఉండాలి కదండీ మాస్టారూ" అన్నాడు దానిని కట్టించిన కుర్రవాడు. ఆనాడు నాకు జవాబు తోచలేదు. ఈ టపాయే ఆ జవాబు.

లండన్ నేషనల్ గ్యాలరీలో ఒక చిత్తరువు ఉన్నది. వెనిస్ చిత్రకారుడు జొవాన్ని బెల్లినీ 1501-02 ప్రాంతంలో కొయ్యపలకపై తైలవర్ణాలతో రచించినది. ఎత్తు రెండడుగులు, వెడల్పు అడుగున్నర. మన ఫ్లెక్సీలో ఒక చెవి పాటి ఉండదు. అందులోని వృద్ధుడు లియొనార్డో లొరెదాన్. 1436లో జన్మించి, 1501లో వెనిస్ గణరాజ్యానికి 'డోజ్'గా, అనగా అధినేతగా, ఎన్నికైనవాడు. లోతుకు దిగిన చెంపలు, బిగిసిన పలుచని పెదవులు, కన్నుల చుట్టూ ముడతలు. అరవై అయిదేళ్లూ ఆ ముఖాన ఉన్నవి.

"అదీ ముఖస్తుతియే కదా, ఆ జరీ ఉడుపు చూడండి" అని మీరనవచ్చు. నిజమే. జరీపోగుల తళుకు కోసం బెల్లినీ అక్కడి రంగును బుద్ధిపూర్వకంగా గరుకుగా అద్దాడు. ముఖానికి గాంభీర్యమూ కూర్చాడు. కాని ఏళ్లను మాత్రం తీసివేయలేదు. ఉడుపు పదవిది, ముఖం మనిషిది. ఆ భేదం ఆయనకు తెలుసు.

ఆ నగరానికీ తెలుసు. సలహాదారులు దగ్గర లేకుండా పరదేశపు లేఖను విప్పే అధికారం కూడా డోజ్‌కు లేదు. మరణించిన పిమ్మట అతని నడవడిపై విచారణ జరిగేది; తప్పు తేలితే వారసులు సొమ్ము చెల్లించవలసిందే. లెక్క చెప్పవలసిన మనిషిని వారు మనిషిగానే చిత్రింపజేసుకున్నారు. మనమో, నాయకుని వేలుపును చేయబోయి బొమ్మను చేస్తున్నాము.

మన రాజమహేంద్రవరంలో న్యాయవాదిగా ఉండి, పురపాలక సంఘానికి అధ్యక్షత వహించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1953లో ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఎనభై ఒక్క ఏళ్లవారు. ఆ ఏళ్లను చెరిపివేస్తే మిగిలేది ప్రకాశం పంతులుగారేనా? చిత్రకళ ఎరుగని ఊరా మనది? ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో, కన్నుమూసిన దామెర్ల రామారావు పుట్టిన ఊరు. ఆయన పేర చిత్రశాల ఉన్న ఊరు. అటువంటి చోట వార్ధక్యాన్ని మరకలా తుడిచివేయడం మర్యాద అనిపించుకుంటున్నది!

సహస్ర చంద్ర దర్శనం వయస్సుకు చేసే పండుగ. వయస్సుకు పండుగ చేస్తూ ఆ వయస్సునే దాచడమేమిటి? "నీ ముసలితనం చూడలేము" అని పెద్దాయన ముఖం మీదనే చెప్పడం కాదా ఇది?

ఇందులో నా బాధ కూడా ఉన్నది. మా నాన్నగారు పోయాక ఆయన ఫోటోను పెద్దది చేయిస్తే, పటం కట్టినవాడు నుదుటి మీది గాటును చెరిపివేశాడు. బాగున్నదనే అన్నాను అప్పుడు. నలభై ఏళ్లుగా ఆ పటాన్నే చూస్తున్నాను. ఆ గాటు ఏ కనుబొమ పైన ఉండేదో ఇప్పుడు నాకు జ్ఞాపకం రావడం లేదు. అడుగుదామంటే అమ్మ కూడా లేదు.

ఈనాడు చెరపడానికి పటం కట్టేవాడు కూడా అక్కరలేదు. చేతిలోని ఫోనే క్షణంలో చెరిపివేస్తున్నది. మీ పెద్దల ముఖాల జోలికి దానిని పోనీయకండి. నా ముడతలు నాకు ఉంచమని మా పిల్లలకు ఇప్పటికే చెప్పి ఉంచాను.