ఒప్పందం మాటున చమురు నేల

కెనడాలోని అల్బర్టా రాష్ట్రం ఉత్తర భాగంలో సుమారు 1,42,000 చదరపు కిలోమీటర్ల అడవుల కింద తారు కలిసిన ఇసుక పరుచుకుని ఉంది. ప్రపంచంలోని అతిపెద్ద చమురు నిక్షేపాల్లో ఇదొకటి. నేడు ఇక్కడి నుంచి రోజుకు 30 లక్షల బ్యారెళ్లకు పైగా ముడిచమురు వస్తోంది. ఈ సంపదను సాధారణంగా ఒక సాంకేతిక విజయంగా వర్ణిస్తారు. ఇసుక నుంచి తారును వేరుచేసిన శాస్త్రవేత్త, పెట్టుబడి పెట్టిన కంపెనీ, వెన్నుదన్నుగా నిలిచిన ప్రభుత్వం ఆ వర్ణనలో కనిపిస్తారు. ఆ నేల ప్రభుత్వానికి ఎలా దక్కిందన్న ప్రశ్న మాత్రం అందులో వినిపించదు. అక్కడి చమురు రాజకీయాలకూ, నది కాలుష్యానికీ మూలం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఆ ప్రాంతంలో పారే అథబాస్కా నది గట్ల వెంట ఊరే తారు గురించి అక్కడి మూలవాసులైన క్రీ, డెనె ప్రజలకు తరతరాలుగా తెలుసు. దాన్ని చెట్ల జిగురుతో కలిపి కాచి పడవల అతుకులకు పూసుకునేవారు. 18వ శతాబ్దం చివరలో ఆ దారిన వెళ్లిన జంతుచర్మాల వ్యాపారి అలెగ్జాండర్ మెకంజీ ఈ సంగతి రాసిపెట్టాడు. 1870లో బ్రిటన్ ఆ ప్రాంతాన్నీ, దాని పక్కనున్న రూపర్ట్స్ లాండ్‌నూ కెనడాకు బదిలీ చేసింది. దశాబ్దాలుగా అక్కడ వ్యాపారం సాగించిన హడ్సన్స్ బే కంపెనీకి ఆ సందర్భంగా 3 లక్షల పౌండ్లు ముట్టాయి. అక్కడ పుట్టి పెరిగిన వారిని ఎవరూ అడగలేదు. వచ్చినవారు సరుకు పట్టుకుని వెళ్లిపోయే వలసపాలనకూ, వచ్చినచోటే స్థిరపడి నేలను శాశ్వతంగా సొంతం చేసుకునే వలసపాలనకూ తేడా ఉంది. కెనడా రెండో కోవకు చెందుతుంది. అలాంటి పాలనకు మూలవాసుల శ్రమ కన్నా వారి నేల ముఖ్యం.

నేల అడుగున ఏముందో ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వానికి ముందే తెలుసు. అక్కడ అపారమైన పెట్రోలియం ఉన్నట్టు బయటపడినందున మూలవాసులతో ఒప్పందం చేసుకోవడం మంచిదని 1891లోనే కెనడా ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి పేర్కొంది. ఉత్తరాన క్లోండైక్‌లో దొరికిన బంగారం కోసం జనం ఎగబడ్డాక ఆ పని ఊపందుకుంది. 1899 జూన్ 21న లెస్సర్ స్లేవ్ సరస్సు దగ్గర మూలవాసులతో ఎనిమిదో ఒప్పందంపై (ట్రీటీ 8) సంతకాలు జరిగాయి. దాని పరిధి సుమారు 8,40,000 చదరపు కిలోమీటర్లు. బదులుగా ఐదుగురున్న కుటుంబానికి 640 ఎకరాల లెక్కన రిజర్వు భూమి, ఏటా కొన్ని తూటాలు, వలల దారం, మనిషికి ఐదు డాలర్ల భత్యం ఇస్తామన్నారు. ఆ ఐదు డాలర్ల నోటు నేటికీ ఏటా చేతికి అందుతోంది. అప్పటి నుంచి దాని విలువను పెంచలేదు.

అసలు తగవంతా వేటకు సంబంధించిన షరతు చుట్టూ తిరుగుతుంది. ఒప్పందంపై సంతకం చేశాక కూడా మునుపటిలాగే స్వేచ్ఛగా వేటాడుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు అని కమిషనర్లు హామీ ఇచ్చారు. ఆ సంగతిని వారే తమ నివేదికలో రాసుకున్నారు. ఒప్పందం పాఠంలో మాత్రం స్థిరనివాసానికో, గనులకో, కలపకో, మరే అవసరానికో ప్రభుత్వం ఎప్పటికప్పుడు తీసుకునే భూములకు ఈ హక్కు వర్తించదన్న మినహాయింపు ఉంది. సంతకం చేసిన పెద్దలు తమ నేలను వచ్చినవారితో పంచుకుంటున్నామనుకున్నారు. ప్రభుత్వం దాన్ని హక్కుల సంపూర్ణ త్యాగంగా నమోదు చేసుకుంది. తర్వాతి వందేళ్లలో వెలసిన ప్రతి గనికీ చట్టబద్ధత ఈ మినహాయింపు నుంచే వచ్చింది.

1930లో కేంద్రం తన చేతిలోని సహజవనరులను అల్బర్టాకు అప్పగించింది. మూలవాసులకు ఇందులోనూ పాత్ర లేదు. నేడు రాష్ట్రంలోని ఖనిజ హక్కుల్లో దాదాపు 81 శాతం అల్బర్టా ప్రభుత్వానివే. లీజులిచ్చేదీ, రాయల్టీ వసూలు చేసేదీ, కాలుష్యాన్ని నియంత్రించాల్సిందీ ఆ ప్రభుత్వమే. తవ్వకం పెరిగితేనే ఖజానా నిండే చోట పర్యావరణ నియంత్రణ బలహీనంగా ఉండడం ఆశ్చర్యం కాదు.

ఇసుక నుంచి తారును వేడినీటితో విడదీసే పద్ధతిని 1920లలో శాస్త్రవేత్త కార్ల్ క్లార్క్ రూపొందించాడు. అయినా దశాబ్దాల పాటు అది లాభసాటి కాలేదు. 1950ల చివరలో భూగర్భంలో అణుబాంబు పేల్చి ఆ వేడికి తారును కరిగించాలన్న ప్రతిపాదన కూడా ప్రభుత్వ పరిశీలనకు వచ్చింది. మనుషులు వేటాడి బతుకుతున్న అడవిని ఖాళీ జాగాగా చూసే అలవాటు ఎంత దూరం వెళ్లగలదో ఇది చెబుతుంది. అమెరికాకు చెందిన సన్ ఆయిల్ సంస్థ అండతో మొదటి పెద్ద గని 1967లో తెరుచుకుంది. రెండోదైన సింక్రూడ్ నుంచి 1974 చివరలో ఒక భాగస్వామి తప్పుకుంటే, కెనడా, అల్బర్టా, ఆంటారియో ప్రభుత్వాలు కలిసి 30 శాతం వాటా కొని దాన్ని నిలబెట్టాయి. 1990ల చివరలో అల్బర్టా మరో మెట్టు దిగింది. పెట్టుబడి మొత్తం తిరిగి వచ్చేదాకా కంపెనీలు స్థూల రాబడిలో ఒక్క శాతం రాయల్టీ కడితే చాలంది. స్వేచ్ఛా విపణి సాధించిన ఘనతగా చెప్పుకునే ఈ పరిశ్రమ అడుగడుగునా ప్రజాధనం ఊతంతోనే నిలబడింది.

గని పని తీరు చూస్తే దాని ఖర్చు ఎవరి మీద పడుతోందో తెలుస్తుంది. ముందుగా అడవిని నరుకుతారు, బురదనేలల్లోని నీటిని తోడేస్తారు, పైమట్టిని ఎత్తేస్తారు. 400 టన్నులు మోసే లారీలు ఇసుకను యంత్రాల దగ్గరికి చేరుస్తాయి. ఒక్క బ్యారెల్ చమురుకు దాదాపు రెండు టన్నుల ఇసుక కావాలి. తారు తీశాక మిగిలిన నీరు, బంకమట్టి, విషపూరిత ఆమ్లాలు భారీ కట్టల మధ్య చెరువులుగా నిలుస్తాయి. ఈ చెరువుల్లో నేడు లక్ష కోట్ల లీటర్లకు పైగా వ్యర్థద్రవం ఉంది. 2008 వసంతంలో ఇలాంటి ఒక చెరువుపై వాలిన 1,600కు పైగా బాతులు తారు అంటుకుని చచ్చిపోయాయి. గనుల పాలైన నేలలో మొట్టమొదటిసారిగా 104 హెక్టార్లకు పునరుద్ధరణ ధ్రువపత్రం దక్కింది కూడా ఆ ఏడాదే. గనులను పూడ్చి నేలను బాగుచేయడానికి 2,080 కోట్ల డాలర్లు అవసరమని అంచనా ఉండగా, 2014 చివరికి కంపెనీల నుంచి పూచీకత్తుగా తీసుకున్నది 157 కోట్లేనని రాష్ట్ర ఆడిటర్ జనరల్ తేల్చారు. మిగతాది రేపటి తరాలు మోయాల్సిన అప్పు.

ఆ అప్పును ఇప్పటికే కడుతున్న ఊరు ఫోర్ట్ చిపెవ్యాన్. గనులకు దిగువన, అథబాస్కా సరస్సు ఒడ్డున ఉందది. చలికాలంలో మంచుదారి, మిగతా రోజుల్లో పడవ, విమానమే దిక్కు. అక్కడి క్రీ, డెనె, మెటిస్ కుటుంబాలకు చేప, దుప్పి నేటికీ ఆహారమే. 2022 మేలో ఇంపీరియల్ ఆయిల్‌కు చెందిన కెర్ల్ గని దగ్గర రంగు మారిన నీరు కనిపించింది. అది వ్యర్థాల చెరువు నుంచి ఊరుతున్నదేనన్న నిజం మూలవాసులకు తెలిసేసరికి 2023 ఫిబ్రవరి వచ్చింది. అదీ మరో 53 లక్షల లీటర్ల వ్యర్థజలం పొంగిపొర్లాకే. ఆ తొమ్మిది నెలలూ ఊళ్లోవాళ్లు అదే అడవిలో వేటాడారు, ఆ మాంసమే వండుకున్నారు.

మూలవాసులు కూడా చమురులో వాటాదారులేనన్న వాదన తరచూ వినిపిస్తుంది. అందులో నిజముంది. 2017లో ఫోర్ట్ మెక్‌కే, మికిసూ క్రీ సమాజాలు సన్‌కోర్ సంస్థ నిల్వ కేంద్రంలో 49 శాతం వాటాను 50.3 కోట్ల డాలర్లకు కొన్నాయి. చుట్టూ గనులు కమ్ముకుని, వేట అడుగంటాక మిగిలిన దారుల్లో ఒకదాన్ని వారు ఎంచుకున్నారు. ఫోర్ట్ మెక్‌కే ప్రజలు ఆ వాటాలతో సరిపెట్టుకోలేదు. తమకు మిగిలిన మూస్ లేక్ అడవిలో కొత్త చమురు ప్రాజెక్టు రాకుండా కోర్టుకెక్కి 2020లో గెలిచారు. వాటా కొనడాన్ని సమ్మతిగా లెక్కగట్టడం తప్పని ఈ ఒక్క ఊరే రుజువు చేసింది.

న్యాయస్థానాలు కూడా నెమ్మదిగా పాత లెక్కను తిరగరాస్తున్నాయి. భూమి తీసుకునే ముందు సంప్రదింపు తప్పనిసరని కెనడా సుప్రీంకోర్టు 2005లో మికిసూ క్రీ కేసులో చెప్పింది. ఒక్కొక్కటిగా ఇచ్చిన అనుమతులన్నీ కలిసి వేట జీవనాన్ని అసాధ్యం చేస్తే అది ఒప్పంద ఉల్లంఘనేనని 2021లో బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు బ్లూబెర్రీ రివర్ కేసులో తేల్చింది. అదీ ఎనిమిదో ఒప్పందం కిందిదే. అయితే ఖజానా దిశ మారలేదు. కేంద్రం 2018లో 450 కోట్ల డాలర్లకు కొన్న, అల్బర్టా చమురు మోసే ట్రాన్స్ మౌంటెన్ పైపులైన్ విస్తరణ 2024 మేలో పూర్తయ్యేసరికి ఖర్చు దాదాపు 3,400 కోట్లకు చేరింది.

ఇప్పుడు వాతావరణం కూడా లెక్క అడుగుతోంది. 2016లో కార్చిచ్చు చుట్టుముట్టగా చమురు నగరం ఫోర్ట్ మెక్‌ముర్రే నుంచి దాదాపు 88,000 మంది ఇళ్లు వదిలారు. 2023లో ఫోర్ట్ చిపెవ్యాన్ కూడా ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఇంధనాలు మార్చినంత మాత్రాన ఈ చరిత్ర ముగియదు. నేల ఎవరిదన్నది తేలకపోతే రేపటి లిథియం గనులూ పాత షరతుల మీదే నడుస్తాయి. పునరుద్ధరణకు పూర్తి పూచీకత్తు ముందే కట్టించాలి. కాలుష్య నియంత్రణను రాయల్టీ వసూలు చేసే చేతుల నుంచి తప్పించాలి. కొత్త తవ్వకాలకు మూలవాసుల సమ్మతిని షరతుగా పెట్టాలి. 1899లో ఇచ్చిన మాటకు కెనడా ఇంకా కట్టుబడాల్సే ఉంది.